సముద్రం అవతలి పాట

"ఇంకో చొక్కా మాడిందంటే మన బడికి తాళం పడుతుంది!" పళ్లు బిగబట్టి అంది మిస్ పార్తీనియా.

ఓజెల్లా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నాలుక కరుచుకుంది. "ఇప్పుడు మాడింది దొరగారు పంపిన చొక్కానే టీచరమ్మా!"

పార్తీనియాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అలబామా పత్తిచేల నడుమ, నల్లజాతి ఆడపిల్లల కోసం ఇటుకలు తానే కాల్చి కట్టిన బడి అది. వీళ్లకు వంట, బట్టలుతకడం నేర్పితే చాలని జిల్లా విద్యాధికారి క్రోవెల్ దొర కిందటేడు హుకుం జారీ చేశాడు. బీరువాలోని పెద్ద చదువుల పుస్తకాలన్నీ బండికెత్తించుకు పోయాడు. ఇవాళ తనిఖీకి వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే బడి మూతే.

క్రోవెల్ వచ్చాడు. నెత్తిమీద టోపీ తీయలేదు.

"ఏం పార్తీనియా, ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?"

ఆమెకు యాభై దాటాయి. ఆయనకు ముప్పై ఉంటాయేమో.

"వచ్చిందండి."

"కాలేజీలో నాలుగేళ్లు ఆ పుస్తకాలతో కుస్తీ పట్టినవాణ్ణి, నాకు తెలీదూ? అవి మీవాళ్ల బుర్రకెక్కే చదువులు కావు."

నోరు జారితే ఇన్నేళ్ల కష్టం మట్టిపాలవుతుంది. కోపం దిగమింగి ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్లింది.

పెద్ద కాగుల్లో బట్టలు ఉడుకుతున్నాయి. పిల్లలు కర్రలతో కలియబెడుతూ పాట అందుకున్నారు. లూడీ ఒక్కో మాటా ఎత్తుకుంటుంటే మిగతావాళ్లు గొంతు కలిపారు. క్రోవెల్ బూటుకాలితో తాళం వేశాడు.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ భలే ఊపుగా ఉందే! ఏం భాష?"

పార్తీనియా తల వంచుకుంది. "చాలా పాతదండి. ఇప్పుడు ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. సముద్రం అవతలిది."

"ఆఫ్రికాదన్నమాట! అనుకుంటూనే ఉన్నా. మీకు ఇలాంటివే నప్పుతాయి. రోజూ పాడించు!"

"చిత్తం."

"ఉతకడం మాత్రం దరిద్రంగా ఉంది. సరేలే, బడి నడుపుకో," అని విసుక్కుంటూ ఆయన బండెక్కాడు.

బండి మలుపు తిరిగేదాకా పార్తీనియా కదల్లేదు. తర్వాత విసవిసా కాగుల దగ్గరికి వచ్చింది.

"లూడీ! దొర ఎదురుగా తప్పు పాడతావా? నా గుండె ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి!"

కర్రలు కదిలాయి, క్రోవెల్ దొర కాలేజీలో నాలుగేళ్లు చదివిన లాటిన్ క్రియల పాఠాన్ని పిల్లలు మళ్లీ ఎత్తుకున్నారు.