సాయంత్రాలు ఎవరికోసం?

యూనిఫారాలు ఇస్త్రీకివ్వాలి. గ్యాస్ బుక్ చేయాలి. పిల్లకి లెక్కలు చెప్పాలి. ఆడపడుచుకి ఫోన్ చేయాలి. కాదనలేక నెత్తినేసుకున్న తోటి నర్సుల డ్యూటీలు చేయాలి. అన్నిటినీ పక్కన పడేసి, ఆ నర్సు సెలవు పెట్టి, మాస్కు తగిలించుకుని మొగుడి వెంట పడింది.

పడదూ మరి! నిన్న పొద్దున్నే ఫ్లాట్ల సంఘం ప్రెసిడెంటు గుమ్మంలో నిలబడి నిష్ఠూరాలాడి వెళ్లాడు.

"మీ ఆయన సెక్రటరీ పని వదిలేశాడమ్మా. నాటకం రిహార్సల్సుకీ రావట్లేదు. క్యారమ్స్ పోటీలూ నావల్ల కాదన్నాడు. ఏమయ్యా అంటే, 'నా సాయంత్రాలు నాకు కావాలి' అంటాడు!"

సాయంత్రాలు కావాలట! ఇంట్లో అయితే కనబడడు. పిల్లనడిగితే, "నాన్న చీకటిపడ్డాక గానీ రాడమ్మా" అంటుంది. ఫోన్ చేస్తే, "ఇక్కడే, దగ్గర్లోనే" అంటాడు. పైగా ఈమధ్య నలగని చొక్కాలు, నున్నగా దువ్విన తల!

ఆఫీసు ముందు ఆయన బస్సెక్కాడు. ఆమె వెనక తలుపులోంచి ఎక్కింది. ఆయన దిగిన చోటు చూసి ఆమె కూడా గబగబా దిగింది. తను పనిచేసే ఆసుపత్రే!

'ఎంత గుండెలు తీసిన మనిషి! నేను పైవార్డులో మంచాల చుట్టూ తిరుగుతుంటే, కింద ఈ భాగోతమా!' అని పళ్లు నూరుకుంది.

ఆయన కింది హాల్లో, అలవాటైన మనిషిలా బెంచీ మీద కూర్చున్నాడు. కొత్తగా చేరిన రిసెప్షన్ పిల్ల నవ్వుతూ ఎదురొచ్చింది. నర్సు స్తంభం చాటున నిలబడి చెవులు రిక్కించింది.

"వచ్చేశారా సార్! మీకోసమే చూస్తున్నా."

"ఏమ్మా, ఏంటి విశేషం?"

"రోజూ ఇలా కూర్చునే బదులు, పైకి కబురు పెట్టమంటే నేను పెట్టనా?"

"వద్దమ్మా. చెబితే తన పనుల్లో నేనూ ఒకటైపోతాను. డ్యూటీ దిగి తనంతట తనొస్తే, కబుర్లు చెప్పుకుంటూ నడిచెళ్దామని నా ఆశ. తనేమో ఎవరు అడిగినా సరేనని పైనే ఉండిపోతుంది."

"అయితే ఇవాళ లాభం లేదు సార్. అక్క సెలవు పెట్టింది."

ఆయన చటుక్కున లేచాడు.

"సెలవా? తనా? అయితే ఇంట్లోనే ఉందన్నమాట!"

స్తంభం పక్కనుంచే, ఆమెను చూడకుండానే, మెట్లు దూకుతూ ఇంటికి పరుగు తీశాడు.

ఆయన తలుపు తట్టేలోపు ఇల్లు చేరాలని ఆమె ఆటో కోసం పరిగెత్తింది. ఎవరి పనికైనా సరేనని తలూపేముందు, అలా ఇంటికి పరుగు తీసిన ఆ మొగుణ్ణి మీరూ ఒక్కసారి గుర్తుచేసుకోండి.