మళ్ళీ ఆ ముఖం

“బుగ్గల్లోకి సూదితో జెల్ ఎక్కించినా, ఈ వయసులో ఈ ఫొటోలోని ముఖం అచ్చంగా రాదండీ,” డాక్టర్ ఫ్రీసెన్ సూటిగా చెప్పేసింది.

డార్కా ఫొటో వెనక్కి తీసుకోలేదు. అది తన నలభయ్యేళ్ళప్పటిది. రెండేళ్ళ క్రితం పెద్ద జబ్బు చేసి లేచాక బుగ్గలు లోతుకు పోయాయి. అరవై ఏడుకే ఎనభైలా కనిపిస్తోంది.

“అచ్చంగా అక్కర్లేదు డాక్టర్‌గారూ. ఒక్కరు గుర్తుపడితే చాలు.”

తోడు వచ్చిన బెర్నిస్ కిసుక్కుమంది. డార్కా పక్క ఫ్లాట్‌లో ఈమధ్యే దిగిందామె. “అదీ సంగతి! ఎవరే ఆ మహానుభావుడు?”

“నా బుగ్గ ముద్దాడందే గడప దాటనివ్వని మనిషి. జబ్బు తర్వాత వెళ్తే, ‘ఎవరు నువ్వు? బయటికి పో’ అంటున్నారు.”

“ఛీ! అలాంటివాళ్ళ కోసం సూదులా? వదిలెయ్.”

“వదల్లేనే.”

“పోనీ, ఇంటికొచ్చి చవగ్గా పొడిచే పిల్ల ఉంది, పిలవనా?”

“ఆ పని మాత్రం చెయ్యకండి,” అంది డాక్టర్. “సూదిమందు రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, చూపే పోవచ్చు. అలా జరిగితే జెల్‌ని కరిగించే మందు ఇక్కడ సిద్ధంగా ఉంటుంది. ఆ పిల్ల దగ్గర ఉంటుందా?”

బెర్నిస్ చేతిలోకి తీసిన ఫోను మళ్ళీ సంచిలో వేసుకుంది.

“రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా?”

“లేదండీ.”

“కొద్దికొద్దిగానే నింపుతాను. ఏడాదికో, ఏడాదిన్నరకో కరిగిపోతుంది. ఇంటికెళ్ళాక చర్మం తెల్లబడినా, నొప్పి పెరిగినా, చూపు మసకబారినా క్షణం ఆగకుండా రండి.”

“భయంగానే ఉంది,” అంది డార్కా. “అయినా కానివ్వండి.”

సూది దిగుతుంటే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. కళ్ళు చెమర్చాయి గానీ తల కదపలేదు.

కొన్నాళ్ళకి వాపు తగ్గాక అద్దంలో చూసుకుంది. పడుచుతనం రాలేదు. పోయిన తన ముఖం మాత్రం తిరిగొచ్చింది. నీలం కోటు తొడుక్కుని, మంచులో బస్సెక్కింది. బెర్నిస్ వెంటపడింది. “మళ్ళీ పొమ్మంటే నేనూరుకోనే!”

వృద్ధాశ్రమంలో ఒక గది తలుపు ముందు డార్కా ఆగి, కోటు మీది మంచు దులుపుకుంది. తలుపు మెల్లగా తోసింది. కిటికీ పక్క కుర్చీలోంచి తల ఇటు తిరిగింది. ఆ చూపు ఆమె ముఖం మీద చాలాసేపు నిలిచింది. రెండు చేతులూ ముందుకు సాగాయి.

“డార్కా! ఇంత ఆలస్యమా?” అంది, కన్నకూతుర్నే మరిచిపోయిన అమ్మ.