పాతికేళ్ళు కలిపితే

"ఫొటో లేకపోతే ఏం? నీ మొహం ఉండాది కదా" అన్నాడు దేవరాజులు.

సిద్ధమ్మ నమ్మలేనట్టు చూసింది. యాభై దాటిన మనిషి. పెద్దపంజాణి దగ్గరి పల్లె నుంచి బస్సెక్కి పుంగనూరులో ఆయన ఫొటో స్టూడియోకు వచ్చింది. ఆమెకు చనిపోయిన తల్లి బొమ్మ కావాలి. ఇంట్లో చూద్దామంటే ఒక్క ఫొటో లేదు.

"మీ యమ్మ పోలికేనా నువ్వు?"

"అచ్చం ఆమేనంటాడప్పా మా నాయన."

"ఇంకేం. కూతురి మొహానికి పాతికేళ్ళు కలిపితే తల్లి. కూసో."

"అది కాదప్పా, మా యమ్మ..."

"కథలు తర్వాత. కదలొద్దు."

ఫ్లాష్ వెలిగింది.

తొందర సిద్ధమ్మ తండ్రి కదిరప్పది. ఆయనకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ ఎక్కువ కాలం నిలవదని డాక్టర్లు చెప్పేశారు. చూపు పూర్తిగా పోయేలోగా భార్య మొహం ఒక్కసారి చూడాలని ఆయన పట్టుబట్టాడు.

దేవరాజులు అప్పటిదాకా నెగటివుల మీద పెన్సిల్‌తో మచ్చలు దిద్దిన మనిషి. కొత్తగా కంప్యూటర్ కొన్నాడు. మదనపల్లెలో ఏదో కోర్సు చేసి వచ్చి, స్టూడియో బోర్డు మీద తన పేరు పక్కన 'డిజిటల్ ఆర్టిస్ట్' అని రాయించుకున్నాడు. కుప్పం దాకా పోయి, అక్కడి స్టూడియోల పని చూసి, పెదవి విరిచి వచ్చాడు. గీయడం ఒక్కటే ఇంకా రావాలి.

మొదటి బొమ్మ మౌస్‌తో గీశాడు. పక్క జిరాక్స్ షాపు వెంకటముని తొంగి చూశాడు.

"ఏం రాజులన్నా, మొగం గీసినావా, చేను దున్నినావా?"

సిద్ధమ్మ దాన్ని తీసుకుపోయి మళ్ళీ వచ్చింది.

"వాళ్ళమ్మ ఫొటో, అదే మా అవ్వది, నీకు యాడ దొరికిందే అని అడగతాండాడప్పా మా నాయన."

"ఒంటికన్నుతో సూసేవాళ్ళకు అంతకంటే ఏం తెలుస్తాది?"

అలా అన్నాడే గానీ, చేను మాట దేవరాజులుకు గుచ్చుకుంది. బెంగుళూరు నుంచి కంప్యూటర్ మీద గీసే పెన్ను తెప్పించాడు. బస్టాండులో కూర్చున్న ముసలమ్మలను ఫొటోలు తీసుకొచ్చి ముందు పెట్టుకున్నాడు. గీశాడు, చెరిపాడు. బ్రష్ సన్నం చేశాడు, రంగు పలచన చేశాడు. చర్మం ఒక పొర మీద, నీడ ఇంకో పొర మీద వేసి చూశాడు. ముడత అంటే గీత కాదని, ఒక పక్క వెలుగు, ఒక పక్క చీకటి అని అర్థమయ్యేసరికి చాలా మొహాలు పాడయ్యాయి. పాడైన మొహాలన్నీ సిద్ధమ్మవే.

తర్వాతి బొమ్మను ఆమె చాలాసేపు చూసింది.

"ఈ గీతలన్నీ యాలప్పా?"

"అదే పనితనం. నీకు తెలీదులే."

"తీసేస్తే బాగుంటాదేమో."

"తీసేస్తే నువ్వే మిగలతావు. నీ మొగం సూసుకోను మీ ఇంట్లో అద్దం లేదా?"

సిద్ధమ్మ బొమ్మను కొంగులో చుట్టుకుంది. చదువుకున్నవాడు, కంప్యూటర్ తెలిసినవాడు. బొమ్మ తీసుకుపోయింది. కదిరప్ప దాన్ని కిటికీ దగ్గర ఎండలోకి పట్టుకుని, ఈ యమ్మ ఎవరో తనకు తెలియదన్నాడు.

"బిరీన గీయప్పా. నిన్నట్నుంచి గిన్నె కూడా తడుముకుంటా ఉండాడు" అంది సిద్ధమ్మ వచ్చి.

"పల్లెటూరోళ్ళకు పని చేస్తే ఇదే గతి" అన్నాడు దేవరాజులు, ఆమె వింటుండగానే.

ఈసారి మాత్రం ఆయన అన్నం కూడా కంప్యూటర్ ముందే తిన్నాడు. బొమ్మ పూర్తయింది. నెరిసిన జుట్టులో వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. లోపలికి పోయిన బుగ్గలు, కళ్ళ కింద సంచులు, పెదవుల చుట్టూ సన్నటి మడతలు. వెంకటముని ఎగతాళి మరిచిపోయి, ప్రింటు మీద వేలు పెట్టి తడిమి చూశాడు.

"నున్నగానే ఉండాదే" అన్నాడు ఆశ్చర్యంగా.

దేవరాజులు దానికి ఫ్రేము కట్టించి ఇచ్చాడు. ఇక ఎవరూ వంక పెట్టలేరనుకున్నాడు.

మర్నాడే సిద్ధమ్మ ఫ్రేము చంకలో పెట్టుకుని వచ్చింది. బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఏమన్నాడు?"

"మొగం తిప్పుకున్నాడు."

దేవరాజులు పెన్ను విసిరికొట్టాడు.

"కట్టుకున్న పెండ్లాన్నే గుర్తు పట్టలేని మనిషికి బొమ్మ యాలమ్మా? అసలు ఎన్నేండ్లు కాపురం చేసినాడు మీ నాయన?"

సిద్ధమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒక్క ఏడాదేనప్పా, నన్ను కని పదారేండ్ల వయసులోనే కండ్లు మూసింది మా యమ్మ."