పెనాల్టీల కోసం దిగిన మనిషి

గోల్‌కీపర్ గ్లవ్ పట్టీని పళ్లతో లాగి బిగించుకుంటూ మైదానంలోకి వచ్చాడు.

అప్పటిదాకా మిల్లు జట్టుకి గోల్ కాసినవాడు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆట ముగింపుకొచ్చింది. రెండు జట్లకీ గోల్ లేదు. పోర్టు జట్టుకి కార్నర్ దొరికింది.

పోర్టు ఫార్వర్డ్ వచ్చి గోల్‌కీపర్ పక్కన నిలబడ్డాడు. గోల్‌కీపర్ చేసుకున్నది ఫార్వర్డ్ అక్కనే.

"ఇంతసేపూ కునుకు తీసి ఇప్పుడు లేచావేంటి బావా?"

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్యని కదరా. పెనాల్టీలు దగ్గర పడ్డాయి, మా కోచ్‌కి నేను గుర్తొచ్చా."

"పెనాల్టీలా?"

"మరి? పోయినవారం చెరొకటి. ఇవాళ చెరో సున్నా. సమానమేగా."

ఫార్వర్డ్ తల తిప్పి బావ ముఖం చూశాడు.

"ఆ ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో కొట్టిన గోల్స్ లెక్క ఇప్పుడు లేదటగా. మా కోచ్ టీవీలో చూశాడు."

టీవీలో వచ్చే పెద్ద టోర్నమెంట్లలో తీసేశారు. ఈ లీగ్‌లో తీసెయ్యలేదు.

ఇక్కడ రెండు మ్యాచ్‌లూ కలిపి గోల్స్ సమానమైతే, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఎక్కువ కొట్టిన జట్టు గెలిచినట్టు.

పోయినవారం మ్యాచ్ మిల్లు గ్రౌండ్‌లో జరిగింది. అక్కడ పోర్టు ఒక గోల్ కొట్టింది. కొట్టింది ఈ ఫార్వర్డే.

ఇవాళ పోర్టు గ్రౌండ్‌లో మిల్లు ఒక్కటీ కొట్టలేదు.

ఇలాగే ముగిస్తే పెనాల్టీలుండవు. పోర్టు ఫైనల్‌కి వెళ్తుంది.

అరగంట నుంచి మిల్లు వాళ్లు బంతిని బయటికి తన్నుతూ పొద్దుపుచ్చుతున్నారు. ఎందుకో ఫార్వర్డ్‌కి అప్పుడు అర్థమైంది.

ఫైనల్‌కి వెళ్లకపోతే జట్టు ఎత్తేస్తామని మిల్లు మేనేజరు ముందే చెప్పాడు. ఆటగాళ్లు ఎవరి సెక్షన్‌కి వాళ్లు పోవాలి.

గోల్‌కీపర్‌ది బ్లీచింగ్ సెక్షన్. ఒకసారి అక్కడ గ్యాస్ పీల్చి పడిపోయాడు.

ఎక్స్‌రే చూసిన డాక్టరు, "మళ్లీ ఆ షెడ్డులోకి పంపితే ఇతన్ని నా దగ్గరికి తీసుకురావద్దు" అన్నాడు. ఆటగాడన్న పేరు మీద అప్పట్నుంచి స్టోర్స్‌లో కూర్చుంటున్నాడు.

ఫార్వర్డ్‌ది పోర్టులో కాంట్రాక్టు పని. ఫైనల్‌కి చేరితే పర్మినెంట్ చేస్తామన్నారు.

పొద్దున అక్క ఫోన్ చేసింది.

"నువ్వు గోల్ కొట్టు, మీ బావ జట్టు గెలవాలి. ఎలాగో మీరూ మీరూ చూసుకోండి" అని నవ్వింది.

నవ్వాక ఫోన్ పెట్టెయ్యలేదు.

కార్నర్ కొట్టేవాడు బంతిని సర్దుకుంటున్నాడు.

ఒక్క మాట చెబితే బావ కేక వేస్తాడు. మిల్లు వాళ్లంతా ముందుకు దూకుతారు. ఒక గోల్ కొడితే చాలు వాళ్లకి. ఆ మాత్రం సమయం ఉంది.

"బావా."

"ఊ."

కార్నర్ కొట్టేవాడు చెయ్యెత్తాడు.

"పిలిచి ఊరుకుంటావేంట్రా. మాట్లాడితే మాట్లాడు, కాలు మాత్రం తొక్కకు."

"ఏం లేదు."

బంతి వచ్చింది. గోల్‌కీపర్ ఎగిరి పట్టుకున్నాడు. దాని మీద బోర్లా పడ్డాడు.

లేవలేదు.

రిఫరీ వచ్చి లెమ్మన్నాడు. ముందు ఒక మోకాలు లేపాడు. తర్వాత రెండోది. నిక్కరు దులుపుకున్నాడు. తనవాళ్లని ఒక్కొక్కరినీ చేత్తో చూపించి ముందుకు నడవమన్నాడు.

మిల్లు బెంచీ చప్పట్లు కొట్టింది.

పోర్టు బెంచీ కూడా కొట్టింది.

గోల్‌కీపర్ అటు చూసి, "మీవాళ్లు మర్యాదస్తులురా" అన్నాడు.

బంతిని తన్నాడు. అది నేల మీద పడేలోపు విజిల్ మోగింది.

పోర్టు వాళ్లు పరిగెత్తుకొచ్చి ఫార్వర్డ్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు.

అక్కణ్నుంచి అతనికి బావ కనపడ్డాడు. వెనక్కి నడిచి గోల్ గీత మీద నిలబడ్డాడు. రెండు చేతులూ చాపి, ఈ స్తంభం దగ్గర్నుంచి ఆ స్తంభం దాకా అడుగులు వేసి చూసుకున్నాడు.

మిల్లు కోచ్ ఎవరెవరు కొట్టాలో వేళ్లు మడుస్తూ చెబుతున్నాడు.

గోల్‌కీపర్ రిఫరీని పిలిచాడు.

"ఈ గోల్‌లోనే కొట్టిస్తారా సార్, అటు పొమ్మంటారా?"

"ఏం కొట్టించడం?"

"పెనాల్టీలు సార్."

"పెనాల్టీలేంటయ్యా. ఆట అయిపోయింది. వాళ్ల గోల్ ఉంది కదా మీ గ్రౌండ్‌లో."

మిల్లు కోచ్ వేళ్లు అలాగే మడిచి ఉన్నాయి.

పోర్టు బెంచీ నుంచి ఒకడు అరిచాడు. "పోనీ సరదాకి నాలుగు కొట్టుకోండి. లైన్‌మెన్‌ని ఉండమంటాం."

నవ్వులు వినపడ్డాయి.

ఫార్వర్డ్ భుజాల మీంచి దిగాడు. వాళ్లు మళ్లీ ఎత్తబోతే వదిలించుకుని గోల్ దాకా వచ్చాడు.

గోల్‌కీపర్ గ్లవ్స్ విప్పుతున్నాడు. ఒకటి విప్పి చంకలో పెట్టుకున్నాడు. రెండోది రాలేదు. ఫార్వర్డ్ చెయ్యి సాయం పట్టబోయాడు.

"ఉండు. వస్తుంది."

వచ్చింది.

"కార్నర్‌కి ముందు పిలిచావ్" అన్నాడు గోల్‌కీపర్.

ఫార్వర్డ్ తల దించుకున్నాడు.

అవతల పోర్టు వాళ్లు ఫొటో కోసం వరసలో నిలబడి ఫార్వర్డ్‌ని రమ్మని కేకలు వేస్తున్నారు.

"వెళ్లు, పిలుస్తున్నారు."

ఫార్వర్డ్ కదల్లేదు.

"మీ అక్కతో నీకూ తెలీదనే చెప్తా" అన్నాడు గోల్‌కీపర్. "నువ్వూ అదే చెప్పు."