యువరాణిని కాదని

శుక్రవారం చర్చిలో ప్రార్థనకు తయారైన మా బహ్రెయిన్ గుదైబియా గదివాళ్లంతా నా వెనక మూగారని చూసుకోలేదు. కంప్యూటర్ ఆటలో నా వీరుడు యువరాణిని కాదని తోటి సైనికుడికి మనసిచ్చాడు. తెరమీద మగవాళ్లిద్దరూ ముద్దుపెట్టుకున్నారు.

"థూ! కడుపులో తిప్పేత్తందిరా ఏబెలూ, తీసెయ్ ముందు!" అందరికంటే గట్టిగా అరిచాడు షాలేమ్. గది గొల్లుమంది.

పొరపాటున నొక్కానన్నాను.

అందరూ మెట్లు దిగాక, బైబిల్ మరిచిపోయానంటూ షాలేమ్ ఒక్కడే వెనక్కొచ్చాడు. తలుపు గడియపెట్టి, ఎప్పటిలాగే నా భుజంమీద గడ్డం ఆనించాడు.

"ఆళ్ల ముందు అలా అనకపోతే ఎలారా? మళ్లీ ఆ సైనికుణ్ణే ఎంచుకో, చూద్దాం."

అతని ఊపిరి నా మెడకు వెచ్చగా తగిలింది. ఈసారి కడుపులో తిప్పింది నాకు.