వంతెన దాటిన బస్సు

సూర్యం హ్యాండిలుని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని ఆటో తీశాడు. పన్నెండేళ్ళుగా బండి తీసే ముందు అతను చేసే పూజ అదొక్కటే. ఇవాళ మాత్రం మొక్కినట్టు లేదు, తిట్టినట్టుంది.

వెనక సీటు ఖాళీ. "సాక్చి! సాక్చి!" అని గొంతు పోయేలా అరిచినా ఒక్కరూ ఎక్కలేదు. ముందు, మాంగో వంతెన మీద, నీలం బస్సు నిండుగా వెళ్తోంది. అతని ప్యాసింజర్లని పట్టుకుపోయింది. పెళ్ళాన్ని కూడా పట్టుకుపోయింది.

ఇందాకే స్టాండులో ఆదిబాబు అంటించాడు.

"ఏట్రా సూర్యం, పొద్దున్న ఎక్కితే సాయంత్రందాకా ఆ బస్సు దిగదేటి మీ పైడితల్లి? నీకు కూడు ఎవులు వండతన్నారు?"

తోటి ఆటోవాళ్ళు పళ్ళికిలించారు. వాళ్ళ ఆటోలూ ఖాళీయే. అయినా నవ్వడానికేం, పక్కవాడి పెళ్ళాం కదా.

మొన్నమొన్నటిదాకా ఆ బస్సు వంతెన ఇవతలికి వచ్చేదే కాదు. కంపెనీ క్వార్టర్లు, ఆఫీసర్ల బంగళాలు, క్లబ్బు, సాక్చి బజారు, అంతే. గుమ్మం గుమ్మానికీ కారున్న వీధుల్లో ఖాళీగా తిరిగేది. రూటు గీసినవాళ్ళలో ఒక్కడికీ వంతెన ఇవతల మాంగోలో ఇల్లు లేదు మరి. ఆ బంగళాల్లో అంట్లు తోమేవాళ్ళూ, కాంట్రాక్టు కూలీలూ సూర్యం లాంటివాళ్ళ ఆటోల్లో ఒకరి మీద ఒకరు పడి, సగం తుంటి బయట పెట్టుకుని వంతెన దాటేవాళ్ళు.

బస్సు మాంగోకీ రావాలని ఆడవాళ్ళు వంతెన మీద బైఠాయించారు. ముందు వరసలో పైడితల్లి. ఆటోవాళ్ళు అడ్డం పడ్డారు. ఆ ముందు వరసలో సూర్యం. చివరికి ఆడవాళ్ళే గెలిచారు. బస్సు వంతెన దాటింది.

దాటాక సూర్యం ఏం చేశాడు? సిగ్గులేకుండా ఆ బస్సుకే డ్రైవరుగా దరఖాస్తు పెట్టాడు. హెవీ లైసెన్సు ఎప్పుడో తీసి దాచుకున్నాడు. ట్రయల్లో రివర్స్ తీస్తూ డ్రమ్ముని గుద్దాడు. ఆ సీటు వేరే మనిషికి పోయింది.

ఆ సీటు మీద ఏడుపు ఒకటి. దాని వెనకే పెళ్ళాం మీద ఏడుపు.

పైడితల్లి అంతకుముందు ఏడాదంతా ట్రైనింగంటూ గోవింద్‌పూర్ తిరిగింది. ఏం ట్రైనింగని సూర్యం అడగలేదు. ఆడాళ్ళ ట్రైనింగంటే కుట్టుమిషనే కదా అనుకున్నాడు. ఇంతవరకూ ఇంట్లోకి ఏ మిషనూ రాలేదు.

ఇప్పుడు చీకటుండగానే లేస్తుంది. బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంది. జుట్టు గట్టిగా ముడేస్తుంది. అద్దంలో చూసుకుంటుంది. సూర్యం కోసం ఏనాడైనా అద్దంలో చూసుకుందా? ఇంటికొచ్చాక ఒంటి నిండా ఆ బస్సు వాసన. నోటి నిండా ఆ బస్సు మాటలు.

"వంతెన మలుపులో ఎంత మెత్తగా తిరుగుద్దో మావా. మబ్బు మీద ఎల్నట్టే" అంది నిన్న.

"నా ఆటోలో పన్నెండేళ్ళు తిరిగావు. ఎప్పుడైనా అన్నావేటే అలాగ?"

"నీ ఆటోలో నాకు సీటెక్కడిచ్చావు? ప్యాసింజరు సెయ్యెత్తితే నన్ను దింపీసి నడిపించీవోడివి."

గుచ్చుకుంది. నిజం కాబట్టి.

సాక్చి గోల్ చక్కర్ కూడలి దగ్గర బస్సు ఆగింది. సూర్యం దాని వెనకే ఆపాడు. నూకమ్మ దిగింది. టిఫిన్ హోటల్లో పిండి రుబ్బే మనిషి. మొన్నమొన్నటిదాకా అతని గిరాకీ. ఇప్పుడు సంచీ ఊపుకుంటూ, నలగని చీరతో, పెళ్ళికొచ్చినట్టు దిగుతోంది.

"ఏటి నూకమ్మప్పా, మా ఇంటిది దిగదేటి?"

"ఓలమ్మ, ఆ మొగం సూడు! కుళ్ళిపోయిన వంకాయలాగుంది" నూకమ్మ నవ్వింది. "అదెందుకు దిగుద్ది?"

"ఇవాళ దాన్ని దింపీకుండా ఎల్లను."

నూకమ్మ నవ్వు ఆగిపోయింది. "అది దిగిననాడు మేవందరం మళ్ళీ నీ ఆటోకి ఏలాడాల. దింపి సూడు. నిన్ను బతకనివ్వం."

సూర్యం ఇంకా ఉడికిపోయాడు. ఊరి ఆడాళ్ళందరికీ తన పెళ్ళాం కావాలి. తనకి మాత్రం ఉండకూడదు. ఆటోని ముందుకి లాగించి, బస్సుకి అడ్డంగా పెట్టి దిగాడు.

"అరే భాయ్, హటావ్! డ్యూటీ కా టైమ్ హై!" బండి తియ్యమంటూ లోపల్నించి కేకలు.

కిటికీల్లోంచి తెలిసిన మొహాలు చూస్తున్నాయి. అన్నీ మొన్నమొన్నటిదాకా తన వెనక సీట్లో నలిగిన మొహాలే. డ్రైవరు సీటు వైపు చూడాలంటే మాత్రం అతనికి ఒళ్ళు మండింది. చూపు రోడ్డు మీదే పెట్టి అరిచాడు.

"పైడీ! దిగు! నేను కావాలా, ఈ బస్సు కావాలా? ఇక్కడే తేల్చు. దిగలేదో, ఇక ఇంటికి రానక్కర్లేదు!"

నూకమ్మ సంచీ పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఆటో తియ్యి మావా" అంది పైడితల్లి. గొంతు పెంచలేదు. "ఆలస్యమైతే ఈళ్ళకి హాజరీ పడదు."

"ముందు నాకు జవాబు చెప్పు!"

పైడితల్లి స్టీరింగుని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని, హారన్ నొక్కింది. ఆటో పక్కకి తప్పుకునేదాకా చెయ్యి తియ్యలేదు.