రెండో బ్యాటరీ

కలహారి ఎడారి ఇసుకలో పొద్దుగూకేసరికి వ్యాన్‌లోని ఫ్రిజ్ ఆగిపోయింది. లిజెల్ వాడే ఇన్సులిన్ అంతా అందులోనే ఉంది. ఊరు రెండు రోజుల దూరం.

ఆమె భర్త డియాన్ టార్చి వేసి బానెట్ ఎత్తాడు. ఫ్రిజ్‌ని నడిపే రెండో బ్యాటరీ చచ్చిపోయింది. దాన్ని ఇంజన్ బ్యాటరీతో కలిపే రిలే స్విచ్, ఇంజన్ తిరిగితేనే టిక్కుమంటుంది. తాళంచెవి అతని జేబులో ఉండగానే అది టిక్కుమంది.

"లిజెల్, ఏదైనా ముట్టుకున్నావా?"

"నీ పనిలో వేలు పెట్టేంత ధైర్యం నాకెక్కడిది మహానుభావా!" అంది లోపల్నుంచి.

అనుమానంతో రెండు బ్యాటరీల తీగలూ ఊడదీశాడు. అయినా మళ్ళీ టిక్కుమంది. వెంటనే ఫ్రిజ్ గుయ్‌మని మొదలైంది.

"బతికించావయ్యా! ఇక వచ్చి పడుకో."

డియాన్ కదల్లేదు. తీగలు బిగిస్తే ఫ్రిజ్ ఆగిపోతుందేమోనని, వాటిని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.